బల్బు చెప్పిన పాఠం మోటారుకు పనికిరాదు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక వైండింగు షాపు, అంటే కాలిన మోటార్లకు కొత్త రాగితీగ చుట్టలు వేసే చోటు. అరుగు మీద విప్పి పెట్టిన అయిదు హార్స్‌పవర్ మోటారు, పక్కనే దాని యజమాని. కాశీనగర్ వైపు మనిషి, వంశధార గట్టున పొలం. ఆయన మెకానిక్కును అడిగిన ప్రశ్న ఇది:

“మాది లైనుకి సివర. వోల్టేజీ ఎప్పుడూ తక్కువే వస్తాది. ఎక్కువొచ్చి కాలిపోయిందంటే నమ్ముతాను. తక్కువొస్తే మెల్లగ తిరగాల గానీ కాలిపోడవేటి బాబూ?”

“లో వోల్టేజీకే ఎక్కువ కాల్తాయి మావయ్యా” అన్నాడు మెకానిక్కు, చేతిలో పని ఆపకుండానే. అతనికి ఆ సంగతి వందల మోటార్లు విప్పి తెలిసింది. ఎందుకలా అని చెప్పాలంటే ఓ పూట పడుతుంది, దుకాణం ముందు ఇంకా మూడు మోటార్లు ఉన్నాయి.

పెద్దాయన ప్రశ్నలో తప్పేమీ లేదు. వోల్టేజీ పడిపోతే ఇంట్లో బల్బు ఎర్రబడుతుంది, ఇస్త్రీపెట్టె సరిగా కాలదు, ఫ్యాను నీరసంగా తిరుగుతుంది. ఏదీ కాలిపోదు. బళ్ళో చదువుకున్న మనవడిని అడిగినా ఇదే చెబుతాడు: నిరోధం మారనప్పుడు వోల్టేజీ తగ్గితే కరెంటు తగ్గుతుంది, కరెంటు తగ్గితే వేడి తగ్గుతుంది. అది ఓమ్ సూత్రం. పరీక్షలో ఆ జవాబుకు పూర్తి మార్కులు పడతాయి. పొలంలో మోటారు కాలుతుంది.

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో భారం తగ్గించాలని 2022లో ప్రకటించిన కోతల జాబితాలో విద్యుత్ మోటారు, విద్యుదయస్కాంత ప్రేరణ (మారే అయస్కాంతత్వం తీగలో వోల్టేజీ పుట్టించడం), జనరేటరు మూడూ ఉన్నాయి. ప్రేరణను కనిపెట్టిన ఫారడే గురించిన చిన్న పరిచయం కూడా అందులోనే పోయింది. ఓమ్ సూత్రం మిగిలింది, తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం మిగిలింది. ఆ రెంటినీ కలిపి తిప్పే భాగం తీసేశారు. పైతరగతుల్లో ఉంది కదా అంటారు. ఉంది, సైన్సు తీసుకున్న వాళ్ళకు. పదితో చదువు ఆపేసి పొలంలోకో, ఇంకో కోర్సులోకో వెళ్ళే పిల్లలకు అది ఇక ఎప్పటికీ రాదు. మోటారు స్టార్టరు నొక్కేది ఎక్కువగా వాళ్ళే.

విద్యుత్తులో ఒకే ఒక పాఠం చెప్పే వీలుంటే ఓమ్ సూత్రం వదిలేసి ప్రేరణ చెప్పాలి అన్నది నా అభిప్రాయం. రెండూ చెప్పే వీలున్నప్పుడు ఒకటి తీసేస్తే, మిగిలిన రెండోది సగం నిజమవుతుంది. సగం నిజం ఎంత ఖరీదైనదో వైండింగు బిల్లు చూస్తే తెలుస్తుంది.

మూడు ఓముల లెక్క

మోటారు వైండింగు నిరోధం మీటరుతో కొలిస్తే కొద్ది ఓములే చూపిస్తుంది. ఒక ఫేజుకు 3 ఓములు అనుకుందాం. ఫేజు వోల్టేజీ 240. ఓమ్ సూత్రం ప్రకారం 80 ఆంపియర్లు పోవాలి. నిజానికి 5 హెచ్‌పీ మోటారు పూర్తి లోడు మీద తీసుకునేది ఏడున్నర ఆంపియర్ల దరిదాపు. మిగతా డెబ్బైకి పైగా ఆంపియర్లను ఎవరు ఆపారు?

మోటారే ఆపుకుంది. వైండింగులో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంటే ఇనుములోని అయస్కాంతత్వం కూడా ఊగుతుంది. మారే అయస్కాంతత్వం ఏ తీగచుట్టను దాటినా అందులో వోల్టేజీ పుడుతుంది. దాన్ని పుట్టించిన చుట్టకే అయినా సరే, మినహాయింపు లేదు. అలా పుట్టిన వోల్టేజీ, తనకు కారణమైన మార్పుకు ఎదురుగా నిలబడుతుంది. లెంజ్ అనే శాస్త్రవేత్త చెప్పింది ఇదే. బయటి నుంచి 240 నెడుతుంటే, లోపలి నుంచి అంతకు కాస్త తక్కువ వోల్టేజీ తిరిగి నెడుతుంది. ఆ రెంటి తేడాకే కరెంటు పోతుంది. వైండింగుకు అసలు కాపలా రాగి నిరోధం కాదు, ఈ ఎదురు నెట్టుడే.

ఇక లోపల తిరిగే భాగం, రోటరు. దానికి బయటి నుంచి ఒక్క తీగా వెళ్ళదు. ఉడతపంజరంలా అల్యూమినియం కడ్డీలు, రెండు చివర్లా రింగులు. స్టేటరులోని, అంటే చుట్టూ కదలకుండా ఉండే వైండింగు భాగంలోని అయస్కాంత క్షేత్రం, నాలుగు పోళ్ళ (ధ్రువాల) మోటారైతే, నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. రోటరు 1440 తిరుగుతుంది. ఆ వెనకబాటు 60 వల్లే కడ్డీలకు క్షేత్రం మారుతున్నట్టు కనిపిస్తుంది, అందుకే వాటిలో కరెంటు పుడుతుంది. రోటరు 1500 అందుకున్న మరుక్షణం దానికి ఏ మార్పూ కనిపించదు, కరెంటు ఉండదు, బలం ఉండదు. ఆ వెనకబాటునే స్లిప్పు అంటారు. ఇక్కడ 4 శాతం.

ఒక్కో ఫేజుకు 240 అంటే రెండు ఫేజుల మధ్య 415. ఇప్పుడు ఆ వోల్టేజీ 415 నుంచి 340కి పడిందనుకోండి. ఇనుములో అయస్కాంతత్వం 18 శాతం తగ్గుతుంది. పంపుకు ఆ సంగతి తెలియదు, నీటిని అంతే ఎత్తుకు తోడాలి, దానికి దాదాపు అంతే తిప్పుడు బలం కావాలి. తిప్పుడు బలమంటే అయస్కాంతత్వాన్నీ రోటరు కరెంటునూ హెచ్చవేస్తే వచ్చేది. మొదటిది 18 శాతం తగ్గితే రెండోది 22 శాతం పెరగాలి. బలహీనపడిన క్షేత్రంతో ఎక్కువ కరెంటు పుట్టాలంటే రోటరు ఇంకాస్త వెనకబడాలి. స్లిప్పు 4 నుంచి సుమారు 6 శాతానికి వెళుతుంది, వేగం 1440 నుంచి 1410కి దిగుతుంది.

ఆ ముప్పై చుట్ల తేడా గట్టు మీద నిలబడ్డ మనిషి చెవికి తెలియదు. గొట్టంలో నీళ్ళు తగ్గినట్టూ పెద్దగా కనబడదు. లోపల మాత్రం రోటరు కడ్డీల్లో వేడి ఒకటిన్నర రెట్లయింది, ఎందుకంటే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. స్టేటరు కూడా ఏడున్నరకు బదులు ఎనిమిదిన్నర, తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. పెద్దాయన అనుకున్నట్టు మోటారు నిజంగానే మెల్లగా తిరిగితే ఆయనకు అనుమానం వచ్చేది. అది దాదాపు అదే వేగంతో తిరుగుతూ కాలుతుంది.

మరి ఫ్యాను ఎందుకు కాలదు? అదీ ఇలా ప్రేరణతో తిరిగే మోటారే కదా. ఇది గట్టి ప్రశ్న. ఫ్యాను రోటరు నిరోధం కావాలనే ఎక్కువగా ఉంచుతారు, ఎక్కువ స్లిప్పుకు తట్టుకునేలా చేస్తారు. వోల్టేజీ తగ్గగానే వేగం బాగా పడిపోతుంది. వేగం సగమైతే రెక్కల మీద గాలి భారం నాలుగో వంతవుతుంది. అంటే ఫ్యాను తన పనిని తానే తగ్గించుకుంటుంది. పంపు మోటారుకు ఆ వెసులుబాటు లేదు. నూతి లోతు, ట్యాంకు ఎత్తు వోల్టేజీని బట్టి మారవు.

రిలే చెడిపోయిందనుకుంటారు

అసలు నష్టం ఇక్కడ జరుగుతుంది. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. లోపల రెండు లోహాల పట్టీ, కరెంటు ఎక్కువైతే వేడెక్కి వంగి సర్క్యూటు తెంపుతుంది. 5 హెచ్‌పీ మోటారుకు డయలు ఏడున్నర మీద పెట్టాలి. వోల్టేజీ తగ్గి మోటారు తొమ్మిది లాగినప్పుడు రిలే తన పని తాను చేస్తుంది, స్టార్టరు పడిపోతుంది.

ఓమ్ సూత్రం మాత్రమే తెలిసిన మనిషి ఏమనుకుంటాడు? వోల్టేజీ తక్కువుంది, కాబట్టి కరెంటు కూడా తక్కువే ఉంటుంది, అయినా పడిపోతోందంటే రిలేయే చెడిపోయింది. డయలు తొమ్మిదికి తిప్పుతాడు. మళ్ళీ పడితే పదకొండుకి. ఆఖరికి రిలే దాటించి తీగముక్క కలుపుతాడు. తర్కంలో ఎక్కడా తప్పు లేదు, మొదటి అడుగే తప్పు. ఆ అడుగు బడి నేర్పింది.

ఇలాంటి స్టార్టర్లు పర్లాకిమిడి, గుణుపురం దారుల్లో పంపు షెడ్ల తలుపులు తీస్తే కనిపిస్తాయి. తీగముక్క చుట్టూ ఇన్సులేషన్ టేపు కూడా శ్రద్ధగా చుట్టి ఉంటుంది. చేసిన వాళ్ళు నిర్లక్ష్యపు మనుషులు కారు.

మోటారు మొదలవని పరిస్థితి దీనికంటే చేటు. తిప్పుడు బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 300 వోల్టుల దగ్గర మోటారుకు ఉండాల్సిన బలంలో సగమే మిగులుతుంది. పంపులో ఇసుక పట్టినా, బేరింగు బిగుసుకున్నా రోటరు కదలదు. కదలని రోటరుకు స్లిప్పు నూటికి నూరు. అప్పుడది తన రెండో చుట్ట కొసలు నేరుగా కలిపేసిన (షార్టు చేసిన) ట్రాన్స్‌ఫార్మరు. మామూలు కరెంటుకు అయిదారు రెట్లు పోతుంది, వేడి ఇరవై అయిదు రెట్లు దాటుతుంది, తోక వైపు ఫ్యాను తిరగడం లేదు కాబట్టి గాలీ ఆడదు. ఊఁ అని మూలుగు వినిపిస్తే ఆలోచించడానికి ఉన్న సమయం సెకన్లలోనే. కొందరు ఆ మూలుగు విని, చేత్తో షాఫ్టు తిప్పి సాయం చేద్దామని పరిగెత్తుతారు. చేయి పెట్టకూడదు, ముందు స్టాపు నొక్కాలి.

కాలిన రాగి చెప్పే కబురు

విప్పిన స్టేటరును ఎదురుగా పెట్టుకుని చూస్తే కాలిన తీరులోనే కారణం దొరుకుతుంది. చుట్టలన్నీ గుండ్రంగా ఒకే తీరున నల్లబడితే అది ఓవర్‌లోడు, లో వోల్టేజీ, లేదా కదలని రోటరు. స్టారు కనెక్షనులో (మూడు ఫేజుల చుట్టల ఒక్కో కొసను ఒకే చోట కలిపినప్పుడు) మూడింట రెండు వంతుల చుట్టలు మాడి, ఒక వంతు ఎర్రరాగి మెరుపుతో అలాగే ఉంటే ఒక ఫేజు పోయినా మోటారు తిరుగుతూనే ఉందన్నమాట. డెల్టాలో (మూడు చుట్టలను త్రికోణంలా కొసకు కొస కలిపినప్పుడు) దీనికి తిరగేసి, ఒక ఫేజు చుట్టలు మాడి రెండు ఫేజులవి బాగుంటాయి. ఒక్క చోట మాత్రమే రాగి కరిగి గుండులా కడితే చుట్టల మధ్య ఇన్సులేషన్ పోయింది.

చివరి రకం దగ్గర కాసేపు ఆగాలి. నూటికి పైగా చుట్లున్న కాయిలులో పక్కపక్కన ఉన్న రెండు చుట్లు తగిలితే నష్టమేమిటి, ఒక్క చుట్టు తగ్గుతుంది అంతే కదా? కాదు. తగిలిన ఆ ఒక్క చుట్టు తనంతట తాను మూసుకున్న ఉంగరం. చుట్టూ మారే అయస్కాంతత్వం అందులో ఒకటి రెండు వోల్టులే పుట్టించినా దాని నిరోధం ఓములో చిన్న భిన్నం, కాబట్టి కరెంటు పదుల ఆంపియర్లు. మొత్తం వైండింగు కరెంటు ఇంకా పెద్దగా పెరగకముందే ఆ ఉంగరం కరుగుతుంది. మీటరుతో నిరోధం కొలిస్తే ఈ లోపం దొరకదు, ఇన్సులేషన్‌ను పరీక్షించే మెగ్గరుతోనూ దొరకదు, ఎందుకంటే బాడీకి లీకేజీ లేదు. పాత మెకానిక్కులు గ్రౌలరు వాడతారు. అది ఏసీ మీద నడిచే చిన్న విద్యుదయస్కాంతం. స్లాటు మీద పెట్టి, అదే కాయిలు రెండో వైపున్న స్లాటు మీద హాక్సా బ్లేడు ఆనిస్తారు. కాయిలు మంచిదైతే బ్లేడు మౌనంగా ఉంటుంది. చుట్టు తగిలి ఉంటే, తీగతో ఏ సంబంధమూ లేని ఆ బ్లేడు స్లాటు మీద గజగజ కొట్టుకుంటుంది. ప్రేరణ పాఠానికి ఇంతకంటే మంచి ప్రయోగశాల ఏ బళ్ళోనూ లేదు. బడికి వంద గజాల్లో ఉన్న దుకాణానికి పిల్లల్ని ఒక్కరోజు తీసుకెళితే చాలు.

తప్పు సరఫరాది కాదా

ఇదంతా చదివి ఒకరు అడగవచ్చు: కారణం చివరాఖరి లైనులో వోల్టేజీ లేకపోవడం. దానికి రైతుకు భౌతికశాస్త్రం చెబితే వోల్టేజీ పెరుగుతుందా?

పెరగదు. ఈ మాటను ఒప్పుకోవాల్సిందే. పల్లె లైన్లలో వాడే వీజిల్ అనే రకం తీగకు కిలోమీటరుకు సుమారు 0.9 ఓము నిరోధం. కిలోమీటరు చివర ఎనిమిది మోటార్లు కలిసి 60 ఆంపియర్లు లాగితే ఫేజుకు యాభై వోల్టులకు పైగా దారిలోనే పోతాయి, మోటారుకు చేరేది రెండు ఫేజుల మధ్య 320 దాపు. ఇది అచ్చమైన ఓమ్ సూత్రం, తీగ విషయంలో దానికి తిరుగులేదు. వోల్టేజీ తగ్గిన కొద్దీ మోటార్లు ఇంకా ఎక్కువ లాగుతాయి, తీగలో ఇంకా ఎక్కువ పోతుంది. దీనికి మందు ట్రాన్స్‌ఫార్మరును పొలాల దగ్గరికి తేవడం, తీగ లావు చేయడం. అది సరఫరా చేసేవాళ్ళు చేయాల్సిన పని, రైతు జ్ఞానంతో దాన్ని కప్పిపుచ్చడం అన్యాయం.

కానీ తెలియకపోవడం వల్ల అదనంగా జరిగేదీ ఉంది. రైతులు లో వోల్టేజీ అని మొత్తుకుంటే కొన్ని షాపుల్లో ‘లో వోల్టేజీ వైండింగు’ చేసిస్తారు. చుట్లు పది శాతం తగ్గిస్తారు. పని చేస్తుంది, ఎందుకంటే చుట్లు తగ్గితే అదే వోల్టేజీకి ఇనుములో అయస్కాంతత్వం పెరుగుతుంది. 340 వోల్టుల దగ్గర అది మామూలులో 82 శాతానికి బదులు 91 శాతం ఉంటుంది. పగలంతా సంతోషమే. రాత్రి లైను ఖాళీ అయ్యి 440 వచ్చినప్పుడు అదే ఇనుము 118 శాతం మోయాలి. ఇనుము అంత మోయలేదు, నిండిపోతుంది. నిండిన ఇనుములో అయస్కాంతత్వం సరిగా పెరగదు, ఎదురు నెట్టుడు సరిపోదు, కాపలా తగ్గి కరెంటు ఉరుకుతుంది. లోడు లేకుండానే మోటారు గుర్రుమంటూ వేడెక్కుతుంది. అప్పుడా రైతు “ఎక్కువొచ్చి కాలిపోయింది” అంటాడు, ఈసారి నిజమే.

రీవైండింగులో మరో రెండు తప్పులు తరచుగా జరుగుతాయి. స్లాటులో సులువుగా పడుతుందని 21 గేజు బదులు 22 వాడతారు. చూపుకు తేడా వెంట్రుకంత, 0.81 మిల్లీమీటర్లకు 0.71. నిరోధం మాత్రం 30 శాతం పెరుగుతుంది. రెండోది, పాత వైండింగు ఊడదీయడానికి స్టేటరును కట్టెల మంటలో వేయడం. స్టేటరు ముద్ద ఇనుము కాదు, అరమిల్లీమీటరు రేకుల దొంతర. ప్రతి రేకుకూ పలుచని ఇన్సులేషన్ పూత. ఇనుములో కూడా ప్రేరణ కరెంట్లు సుడులు తిరుగుతాయి కాబట్టే, వాటిని తుంచడానికి ఆ ఏర్పాటు. మంట 350 డిగ్రీలు దాటితే పూత పోయి రేకులు కలిసిపోతాయి. ఆ మోటారుకు ఎంత మంచి రాగి చుట్టినా ఎప్పుడూ వేడిగానే ఉంటుంది, ఎందుకో ఎవరికీ అంతుబట్టదు. కొత్త వైండింగు తెచ్చుకునే రైతు అడగాల్సిన మూడు మాటలు: చుట్లెన్ని, గేజెంత, పాతది ఎలా తీశారు.

కెపాసిటరు సంగతీ ఇలాంటిదే. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ (కెపాసిటరు సామర్థ్యానికి కొలత) కెపాసిటరు బిగిస్తే లైను నుంచి తీసుకునే కరెంటు ఏడున్నర నుంచి సుమారు ఆరున్నరకు దిగుతుంది. ఇనుమును అయస్కాంతం చేయడానికి పోయి వచ్చే కరెంటులో చాలా భాగాన్ని అదే అందిస్తుంది. మోటారు వైండింగులో కరెంటు మాత్రం నేరుగా తగ్గదు, లైనులో తగ్గుతుంది. అందుకే ఒక్కరు పెడితే తేడా తెలియక, డబ్బు దండగ అని తీసేస్తారు. ఎనిమిది మందీ పెడితే చివరి మోటారుకు వోల్టేజీ పెరిగినట్టు మీటరే చూపిస్తుంది.

పిల్లలకు కష్టమనే వాదన

ప్రేరణకు కలనగణితం (కాల్క్యులస్) కావాలి, పదో తరగతికి బరువు అంటారు. ఫారడే పుస్తకాలు కుట్టే దుకాణంలో పనివాడిగా మొదలైన మనిషి, గణితం పెద్దగా రాదు. అయినా 1831 ఆగస్టు 29న ఇనప రింగుకు రెండు వైపులా రెండు చుట్టలు చుట్టి, ఒకదానికి బ్యాటరీ కలిపినప్పుడూ తీసినప్పుడూ మాత్రమే రెండోవైపు సూది కదలడం చూశాడు. స్థిరంగా ఉన్నంతసేపూ సూది కదల్లేదు. డెన్మార్కు శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ కరెంటు నుంచి అయస్కాంతత్వం చూపించి అప్పటికి పదకొండేళ్ళు. నిలకడగా ఉన్న అయస్కాంతం నుంచి కరెంటు వస్తుందేమోనని వెతుకుతూ అన్నేళ్ళు గడిచాయి. ఈ పాఠంలో కష్టం ఒక్కటే: ఉండటం కాదు, మారడం ముఖ్యం. దానికి గణితం అక్కరలేదు, చూడటం కావాలి.

పాడైన బొమ్మకారులోంచి తీసిన చిన్న మోటారు, రెండు మూడు టార్చి సెల్సు, ఒక టార్చి బల్బు. ఎల్‌ఈడీ కాదు, ఫిలమెంటు బల్బే కావాలి. మూడింటినీ ఒకదాని వెనక ఒకటి వరసగా కలపాలి. మోటారు ఖాళీగా తిరుగుతున్నప్పుడు బల్బు మినుకుమంటుంది, లేదా అసలు వెలగదు. ఇప్పుడు షాఫ్టును రెండు వేళ్ళతో పట్టుకుని ఆపితే బల్బు భగ్గుమంటుంది. వదిలితే మళ్ళీ మసక. సెల్సు మారలేదు, తీగ మారలేదు, మోటారులో రాగి మారలేదు. తిరగడం ఆగింది, అంతే. తిరుగుతున్న చుట్ట పుట్టించే ఎదురు వోల్టేజీ పోయింది. బల్బు ఎప్పుడూ వెలగకపోతే సెల్సు బలహీనపడ్డాయనో, మోటారు బ్రష్షులు అరిగాయనో అర్థం, ఎప్పుడూ ఒకే తీరున వెలుగుతుంటే మోటారు బిగుసుకుపోయి తిరగడం లేదని. మోటారును ఆపి పది సెకన్లకు మించి ఉంచకూడదు, వేలికి వేడి తగులుతుంది. ఆ వేడి తగలనివ్వడం కూడా పాఠంలో భాగమే.

ఆంధ్ర, ఒడిశా సరిహద్దులోని డుడుమా జలపాతం పక్కన మాచ్‌ఖండ్ జనరేటర్లు 1955 నుంచి రెండు రాష్ట్రాలకూ కరెంటు ఇస్తున్నాయి. అక్కడ నీరు చేసే పని కూడా ఇదే, రాగిచుట్టలకు అయస్కాంతత్వం మారుతూ కనిపించేలా తిప్పడం. కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా మాట్లాడే పిల్లలకు ‘ప్రేరణ’ అన్న మాట ఏ భాషలో చెప్పినా కొత్తదే. బల్బు భగ్గుమనడం ఏ భాషలోనైనా ఒకటే.

షాపులో పెద్దాయనకు మెకానిక్కు చివర్లో ఒక పని మాత్రం చెప్పాడు. పోయిన కరెంటు తిరిగి రాగానే లైను మీదున్న ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారే లేస్తాయి. అందరూ ఒకే క్షణంలో ఆరు రెట్ల కరెంటు లాగితే చివరి మోటారుకు లేచే బలం ఉండదు. స్టార్టరులో టైమరుంటే పక్క పొలం వాళ్ళతో మాట్లాడుకుని ఒకరు 30 సెకన్లు, ఒకరు 60, ఒకరు 90 పెట్టుకోవాలని చెప్పాడు.

“మాది సివర కదా, ముందు మేం లేవాలా, ఆకర్న లేవాలా?” అని అడిగాడు పెద్దాయన.

“ముందే లేవండి మావయ్యా. లైను ఖాళీగా ఉన్నప్పుడే మీకు వోల్టేజీ ఉంటాది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరోళ్ళు ఆకర్న లేచినా వాళ్ళకి సరిపోతాది.”